మా లైన్లో తప్పు లేదు

నెట్టు బాగోలేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అమలాపురంలో ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. వాన పడితే మమ్మల్నే తిడతారు, కరెంటు పోతే మమ్మల్నే తిడతారు, వాళ్ళ ఫోనులో చార్జింగ్ లేకపోయినా మమ్మల్నే. ఇది చాలదన్నట్టు ఇంట్లో మా బావగారొకరు. వీడియో కాల్లో నా మొహం కనపడితే చాలు, "ఏమ్మా ఇంజినీరు గారూ, కొబ్బరాకు కదిలితే మీ నెట్టు ఊగిపోద్దంట కదా?" అనేవారు.

ఆయన కువైట్‌లో గ్రానైటు రాళ్ళు కోసే చోట పనిచేసేవారు. మా అక్క ఉప్పలగుప్తం అవతల పల్లెలో ఉంటుంది. ఆయన డ్యూటీ దిగి గదికి రాగానే కాల్ చేసేవారు. ఇక్కడ అది దీపాలు పెట్టే వేళ. నేను అక్కడున్న రోజైతే ముందు పెళ్ళాన్ని కాదు, నన్ను పిలిచి ఆటపట్టించేవారు. నేను మాత్రం ఊరుకుంటానా? "మా నెట్టు బంగారం బావగారూ. మీ మొహమే పాతబడింది, అందుకే మసగ్గా కనపడుతున్నారు" అనేదాన్ని. అక్క పక్కనుంచి, "మరదలి మాటలకి మురిసిపోయింది చాల్లెండి, నేనూ ఉన్నాను ఇక్కడ" అని ఫోను లాక్కునేది.

నా పనేమిటో కాస్త చెప్పాలి. ఆఫీసు వెనక గదిలో ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చుని పోర్టులు చూడడం. పోర్టంటే మరేం లేదు, ఫైబర్ తీగ వచ్చి దూరే చిన్న కన్నం. రావులపాలెం మీదుగా వచ్చే పెద్ద తీగ ఒకదాంట్లో దూరుతుంది, ఊళ్ళకి పోయే తీగలు మిగతావాటిలో. జనం చూసే సినిమాలూ మాట్లాడుకునే మాటలూ అన్నీ ఆ కన్నాల్లోంచే పోతాయి. ఏ పోర్టు లెక్క ఆ పోర్టు దగ్గరే ఉంటుంది: ఎంత పోయింది, ఎంత వచ్చింది, దారిలో విరిగి వచ్చినవెన్ని, ఇరుకై జారిపోయినవెన్ని. విరిగి వచ్చినవాటిని ఎర్రర్లంటాం. ఆ అంకె పెరుగుతోందంటే ఎక్కడో ఏదో అయిందన్నమాట. అరటి గెలల లారీ తీగని తగిలించుకుపోయి ఉంటుంది, ఉడత కొరికి ఉంటుంది, కొబ్బరి మట్ట పడి ఉంటుంది. ఇవేవీ కాకపోతే దుమ్ము. తీగ మొన మీద కంటికి ఆనని దుమ్ము చాలు, మాట విరగడానికి. దానికి పెన్నులాంటి సాధనం ఒకటుంది. మొనకి ఆనించి టిక్కుమని నొక్కితే దుమ్ము పోతుంది, లైను బాగుపడుతుంది.

అంకె ఎంతుందన్నది మాకు ముఖ్యం కాదు. అది ఎప్పటి గాలివానదో కావచ్చు. అందుకని ముందు అన్నిటినీ సున్నా చేసి, కిందికి దిగి టీ తాగి వచ్చి మళ్ళీ చూస్తాం. సున్నా సున్నాగానే ఉంటే లైను మంచిదే. పెరిగితే తప్పు ఇంకా లైన్లోనే ఉన్నట్టు. దీన్ని మా ఓనరు గారు టీ పరీక్ష అంటారు. ఎవరైనా గొడవకొస్తే నా వైపు తిరిగి, "టీ తాగేరాండీ?" అని అడుగుతారు. "ఆయ్, తాగేనండి, మన లైన్లో తప్పు లేదండి" అంటాను. ఆ మాట అనడమంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మొన్నటి వానాకాలం వెళ్ళాక అక్క ఫోను చేసింది. "ఏవే, మీ నెట్టుకేం మాయరోగం వచ్చిందే? మీ బావగారి మాట ముక్కలు ముక్కలుగా వస్తంది. రెండు మాటలు వినపడతాయి, ఆగిపోద్ది."

లైన్‌మన్‌ని పంపించాను. అతను వాళ్ళ వీధి స్తంభం మీద జాయింటు మార్చాడు, ఇంట్లో నెట్టు డబ్బా కూడా మార్చాడు. అయినా అదే గోల. బావగారు, "మీ చెల్లెలి నెట్టు ఇంతేలే" అని తొందరగా పెట్టేస్తున్నారట. కొన్నాళ్ళకి, "లైను బాలేదు, బొమ్మ తీసేస్తన్నా" అని వీడియో కూడా ఆపేయడం మొదలుపెట్టారు. అక్కకి రోజంతా ఒక ఎత్తు, ఆ కాల్ ఒక ఎత్తు. "ఆయన గొంతు తిన్నగా వినకపోతే నాకు ముద్ద దిగదే. నీకు దణ్ణం పెడతాను, ఎలాగోలా బాగుచెయ్యవే" అని ఏడ్చింది.

నాకు పౌరుషం వచ్చింది. ఊరందరికీ బాగుచేసే దాన్ని, సొంత అక్కకి చెయ్యలేనా? ఆ సాయంత్రం వాళ్ళు మాట్లాడుకునే వేళకి అక్క ఊరి పోర్టునీ పెద్ద పోర్టునీ సున్నా చేసి కూర్చున్నాను. టీకి కూడా కదల్లేదు. ఒక్క అంకె కదిలితే ఒట్టు. కాసేపటికి అక్క ఫోను: "ఇవేళ మరీ ఘోరంగా ఉందే!" నాకు తిక్క రేగింది. అయితే తప్పు కువైట్ వైపే, ఈ బావగారి పని చెప్పాలి అనుకుని, మర్నాడు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కి అక్క ఇంటికే పోయాను.

కాల్ వచ్చింది. నేనున్నానని తెలిస్తే ఆటపట్టించడానికైనా బొమ్మ పెడతారని ముందే చెప్పించాను. పెట్టారు. అక్క పక్కన మంచం మీద కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్‌లో పోర్టులు సున్నా చేసి, ఒక కన్ను దానిమీదా ఒక కన్ను ఫోను మీదా వేశాను. "ఏమ్మా... ఇంజి...నీరు గారూ... మీ నెట్టు..." అన్నారు. మాట ఆగింది. అంకె చూశాను. సున్నా.

మళ్ళీ ఫోను చూశాను. మాట ఆగింది కానీ బొమ్మ ఆగలేదు. ఆయన వెనక కిటికీ పరదా ఏసీ గాలికి మెల్లగా ఊగుతోంది, ఎక్కడా తడబడకుండా. మాటకీ మాటకీ మధ్య ఏసీ హోరు గుయ్యిమని సాగుతూనే ఉంది. నెట్టు తెగితే హోరు కూడా తెగాలి. తెగడం లేదు. తెగుతున్నది ఆయన ఊపిరి. మాట పలికినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతోంది.

నా జన్మలో ఎర్రర్ కోసం దేవుడికి మొక్కింది అప్పుడే. ఒక్కటి, తండ్రీ, ఒక్కటి పెరగనీ. తప్పు నా లైన్‌దే అవనీ, ఊరంతా వచ్చి తిట్టిపొయ్యనీ. ఆ సున్నాని చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు.

"ఏవైందే? దొరికిందా?" అంది అక్క. ఫోన్లోంచి బావగారు నావైపే చూస్తున్నారు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించి, "సర్లే... రేపు చేస్తా" అని పెట్టేశారు.

"అక్కా, మా లైన్లో తప్పు లేదు" అన్నాను. ఎప్పుడూ గర్వంగా అనే మాట నోట్లోంచి రావడానికి ప్రాణం పోయింది.

"అయితే అక్కడి లైనేమో."

"అక్కడిదీ కాదు. వెనక పరదా చూసేవా? మాట ఆగినా అది ఊగుతూనే ఉంది."

ముందు నా మీద అరిచింది. చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఆయన మీద పెడతావేంటి అంది. తర్వాత ఆ పరదా గుర్తొచ్చినట్టుంది. ఫోను తీసి మళ్ళీ కలిపింది. "ఇంక చాలండి, వచ్చెయ్యండి" అని మాత్రం అంది.

వచ్చారు. కాకినాడలో డాక్టరు ఛాతీ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించి, రాతి దుమ్మమ్మా, ఏళ్ళ తరబడి లోపల పేరుకుంది, ఇంక తీసేది కాదు అన్నారు. నా చేతిసంచిలో ఆ దుమ్ము తుడిచే పెన్ను ఉంది. ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. బావగారికి తెలుసట, కువైట్లో డాక్టరు ముందే చెప్పారట. అక్క బెంగపెట్టుకుంటుందని నెట్టు మీద నెట్టేశారు. మా ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది ఆ అబద్ధం? మరదలి నెట్టు బాగోలేదంటే నమ్మనివాళ్ళెవరు?

ఇంటికొచ్చాక వీధి గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఎదురుగా కూర్చుంటే అయినా మాట తిన్నగా వస్తుందని అక్క ఎక్కడో ఆశపడిందేమో. రాలేదు. మూరెడు దూరంలో కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది. నన్ను చూసి నవ్వారు. "ఏమ్మా... ఇంజినీరు గారూ... ఇప్పుడు ఏ... పోర్టు... చూస్తావు?"

ఏనాడూ ఆయన మాట కింద పడనివ్వని దాన్ని, ఆ రోజు నవ్వినట్టు చేసి పెరట్లోకి పోయి, నూతి పక్కన కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మామిడి పూత రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

అక్క కనెక్షన్ తీసేయమంటుందనుకున్నాను. తీయించలేదు. దీపాలు పెట్టే వేళకి ఒక్కోరోజు ఆఫీసుకి ఫోను చేస్తుంది. "ఏవే, మా లైను ఓసారి చూడవే" అంటుంది. ఎవరితో మాట్లాడడానికని నేను అడగను. పోర్టు సున్నా చేస్తాను. ఇద్దరం ఫోను పట్టుకుని టీ తాగేంతసేపు ఆగుతాం. తర్వాత చూసి, "ఏ తప్పూ లేదక్కా" అంటాను.

"ఒక్కటీ లేదా?" అంటుంది.

"లేదక్కా."