పైపంచెతో తుడిచిన బిల్ల

తెనాలి నుంచి రేపల్లె పోయే రైల్లో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెబుతుంటాను, బాపట్ల కాలేజీలో డీఎన్‌ఏ తేడాలు పట్టే యంత్రం నేనే చేశానని. అబద్ధం. యంత్రం ఒక పరిశోధక విద్యార్థినిది. రేడియోలు బాగుచేసేవాణ్ని కనుక, పిలిస్తే వెళ్లి ఊడిన తీగ ఒకటి అతికించాను.

అందులో వేలిగోరంత క్వార్ట్జ్ బిల్ల, మీద బంగారు పూత. కరెంటిస్తే చెవికందని ధ్వనితో కంపిస్తుంది. పూత మీద ఆ అమ్మాయి డీఎన్‌ఏ పోగులు అంటిస్తుంది. సరైన జత పోగు వచ్చి కలిస్తే బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది. డీఎన్‌ఏ రాతలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ జత గట్టిగా అతకదు, కంపనం అంతగా తగ్గదు.

ఏ వస్తువైనా నోటితో ఊది, పైపంచెతో తుడిచి గాని తిరిగివ్వను. ఆ అమ్మాయి గదిలో లేనప్పుడు బిల్లనూ అలాగే తళతళలాడించాను. వారం రోజుల కష్టం, కంటికి కనబడని పోగులు, పోయాయి.

మర్నాడు వెళ్లేసరికి గైడు సారు అందరి ముందూ ఆమెను కడిగేస్తున్నాడు.

"బిల్ల జాగ్రత్తగా పట్టుకోడం కూడా రాదా? ఈ పని ఇంకొకళ్లకిస్తున్నా."

"నిన్న రీడింగ్ వచ్చింది సార్."

"ఏది మరి?"

వెంటనే అడ్డుపడ్డానని చెప్పుకుంటాను. లేదు. క్యాంటీన్లో రెండు టీలు తాగాకే ధైర్యం వచ్చింది. సారు గదిలోకెళ్లి, బిల్ల తుడిచింది నేనని చెప్పాను.

ఆయన నవ్వాడు. "పెద్దవారు, తెలీక చేశారు. ల్యాబుల్లో ఇవి మామూలేనండి. కాఫీ తాగుతారా?"

ఒళ్లు మండింది. పొద్దున ఆ పిల్ల నెత్తిన కొండంత ఉన్న తప్పు, నాదని తేలగానే మామూలైపోయింది.

"అయితే ఆ అమ్మాయి పని ఆ అమ్మాయికిచ్చెయ్యండి."

"ఇప్పుడు మారిస్తే బాగోదండి."

బయటికొచ్చి ఆమెతో అన్నాను, "తుడిచింది నేనమ్మా."

"తెలుసండి. బిల్ల మీద నూలు పోగు కనపడింది."

"మరి చెప్పలేదేం?"

"పెద్దాయన మీదకి తోస్తున్నావా అంటారు తాతగారూ."

పాడుచేసింది నేనేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. సారు చెయ్యి చాపలేదు. బల్ల మీద పెట్టి, ఆయన చదివేదాకా నేను కదల్లేదు. చివరికి ఆమెను పిలిచాడు.

"రేపట్నుంచి నువ్వే చెయ్యి. ఈసారైనా జాగ్రత్త."

మామూలేనన్న మాట ఆమెతో అనలేదు. కాఫీ తాగుతావా అనీ అడగలేదు.