మూడు మ్యాచులు వంటింట్లో, ఒకటి అక్క పక్కన

బుధవారం పొద్దున పామర్‌స్టన్ నార్త్ అనే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి అక్క పోయిందని వాళ్ళమ్మాయి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకు ప్రతి ఫోనూ చావు కబురులాగే మోగుతుంది. మా అమ్మాయి డ్యూటీకి చేరానని చేసే ఫోన్‌కి కూడా గుండె ఒకసారి జారి మళ్ళీ పైకొస్తుంది. ఈసారి జారింది, రాలేదు.

నేను చదివింది అయిదో తరగతి. రాస్తే ఏం తప్పులు దొర్లుతాయో, చదివినవాళ్ళు ఏమనుకుంటారో అని భయమే. అయినా ఆవిడ గురించి తెలుగులో రాసేవాళ్ళు నేను తప్ప ఇంకెవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే పేటలో మా ఇంటికి కుడిపక్క ఇల్లు ఆవిడది. పడుచు వయసులో హాలెండ్ దేశం నుంచి ఓడ మీద వచ్చింది. నేను చూసేసరికి ఎనభై ఆరేళ్ళు, ఒక్కతే ఉండేది. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చి, రేకు డబ్బాలోంచి ఒక్క బిస్కెట్ తీసి ఇచ్చి, టక్కున మూత పెట్టేసింది. ఇంటికొచ్చి మా అమ్మాయితో, "ఎంత పిసినారి మనిషే" అన్నాను. వాళ్ళ దేశంలో మర్యాదే అంతని తరవాత తెలిసింది. నేను వడలు తీసుకెళ్ళి మూడోది ప్లేటులో వేయబోతే ఆవిడ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి, "నన్ను చంపడానికి వచ్చావా?" అనేది. రెండేళ్ళలో ఆవిడ రెండో బిస్కెట్ దాకా వచ్చింది, నేను రెండో వడ దగ్గర ఆగడం నేర్చుకున్నాను.

నేను ఆవిడని అక్కా అని పిలిచేదాన్ని. అర్థం చెప్పాక ఆవిడా నన్ను అక్కా అనే పిలవడం మొదలుపెట్టింది. చిన్నదాన్ని చెల్లీ అనాలి అన్నా వినలేదు. "నీ మొహం చూడు, ప్రపంచం బరువంతా అందులోనే ఉంది. నువ్వే పెద్దదానివి" అంది. నా ఇంగ్లీషు నాలుగు ముక్కలు. ఆవిడ మాటలు నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఆవిడకి ఫుట్‌బాల్ ప్రాణం. చిన్నప్పుడు వాళ్ళ ఊరి జట్టు చొక్కాలు వాళ్ళమ్మ ఉతికేదట, ఈవిడ ఆరేసేదట. పదకొండు చొక్కాలు. "తొమ్మిదో నంబరు చొక్కాకి బురద ఎక్కువ. వాడు ఆడటం కంటే పడటం ఎక్కువ" అని నవ్వేది. ఆ జట్టు ఇప్పటికీ ఉంది. జీతం తీసుకుని ఆడేవాళ్ళు కాదు. పగలు ప్లంబరు పనో, టైల్స్ పనో చేసుకుని సాయంత్రం ఆడతారు. ఆ దేశంలో ఏటా ఒక కప్పు పోటీ జరుగుతుంది, చిన్న జట్లూ మహా జట్లూ అన్నీ ఒకే సంతలో. ఒక్కసారి ఓడితే ఇంటికే. పోయిన అక్టోబరులో ఆవిడ ఊరి జట్టుకి అందులో చోటు దొరికింది.

అదే నెలలో వాళ్ళమ్మాయి వచ్చింది. పామర్‌స్టన్ నార్త్‌లో ఆసుపత్రిలో నర్సు. తన ఇంటికి దగ్గరలో ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్‌లో గది దొరికిందని, అమ్మ ఒంటరిగా ఉండటం ఇక కుదరదని చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

అక్క, "మా జట్టు కప్పులో ఓడిన రోజు వస్తాను" అంది.

వాళ్ళమ్మాయి పకపకా నవ్వింది. "అయితే వచ్చే వారమే కదమ్మా. సామాను సర్దుకో."

"మాటంటే మాటే. ఓడేదాకా నన్ను కదపకూడదు. ఓడాక నేను నోరెత్తను."

ఆ పిల్ల వెళ్ళాక నేను, ఎందుకక్కా ఇలాంటి పందెం అన్నాను. "ఎలాగూ వెళ్ళాల్సిందే, నాకు తెలుసు. ముసలితనం వచ్చి లాక్కెళ్తే నాకు నచ్చదు. బంతి పంపిస్తే వెళ్తాను" అంది.

మొదటి మ్యాచు పొద్దున ఎనిమిదింటికి. వాళ్ళకి అది రాత్రి. అక్క జట్టు రంగుల నీలం తెలుపు మఫ్లర్ వేసుకుని టీవీ ముందు కూర్చుంది. నేను టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను, మనవాళ్ళు గోల్ కొట్టారు. సంతోషంగా ముందు గదిలోకి వచ్చాను, అవతలివాళ్ళు కొట్టారు. కప్పులు పెట్టడానికి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను, మనవాళ్ళు రెండోది కొట్టారు. మీలో క్రికెట్ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఇక నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఇండియా బ్యాటింగ్ చేస్తుంటే మా ఆయన నన్ను వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. నేను తొంగిచూస్తే వికెట్ పడేది. ఈ సంగతి అక్కకి చెప్పాను.

"నిజంగానా?" అంది.

"నిజం. నేను చూస్తే పోతుంది."

"అయితే అక్కడే ఉండు. స్టూలు వేసుకో."

వెక్కిరింతకి అందో, నిజంగా నమ్మిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మ్యాచు మనవాళ్ళే గెలిచారు. ఆ రోజు నుంచి నా చోటు వంటిల్లే. డిసెంబరులో రెండో మ్యాచు. వీపు గోడకి ఆనించి చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ముందు గదిలోంచి అక్క, "కార్నర్!", "గోడలా నిలబడ్డాడు మనవాడు!" అని అరుస్తోంది. నేను మాత్రం ఎవరూ ఓడకుండా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకుంటున్నాను. స్వామి విన్నట్టే ఉన్నాడు, టైమ్ అయిపోయేసరికి సమానం. హమ్మయ్య అనుకుంటే అక్క అరిచింది: "అక్కా, మీ దేవుడికి చెప్పు, ఈ కప్పులో సమానం లేదు. ఎవరో ఒకరు ఇంటికి పోవాలి." ఇంకో అరగంట ఆడించారు. గెలిచారు.

మా అమ్మాయి నన్ను తిట్టింది. "అమ్మా, నువ్వు స్టూలు మీద కూర్చుంటే హాలెండ్‌లో గోల్ పడుతుందా?"

"ఏమో. మీ నాన్న నన్ను రానిచ్చారా?"

"నాన్న మాట వదిలెయ్. ఇండియా ఓడిపోలేదా నువ్వు లోపలున్నప్పుడు?"

ఓడిపోయింది, చాలాసార్లు. అవి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

జనవరిలో మూడోది, ఆ దేశంలో పెద్ద జట్టుతో. కిటికీలన్నీ తెరిచినా ఇంట్లో ఉక్క. చివరి అరగంట అక్క అరుపులు వినపడలేదు. టెన్షన్‌లో నోరు పెగలడం లేదనుకున్నాను. టీవీలో జనం గోలెత్తారు, రిఫరీ ఈల వేశాడు, ఆట అయిపోయింది. గెలిచామని గుమ్మంలోకి పరిగెత్తాను. అక్క కింద కూర్చుని ఉంది, వీపు సోఫాకి ఆనించి, ఒక కాలు మడతపడి. మొహం పాలిపోయింది. మఫ్లర్ మాత్రం మెడలోనే ఉంది.

"ఎప్పుడు పడ్డావక్కా?"

"గోల్‌కి ముందు."

"అరగంటైంది కదా. నన్ను పిలవలేదేం?"

"నువ్వు వస్తే ఓడిపోతాం కదా" అంది. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

నేను మంచినీళ్ళు తాగించి, మెల్లగా లేపి కూర్చోబెట్టాను. ఏమీ విరగలేదు. నాకే లోపల ఏదో విరిగింది. గోడకి ఇవతల చిక్కుళ్ళు ఒలుచుకుంటూ నేను, అవతల నేల మీద ఆవిడ. నా పిచ్చి నమ్మకాన్ని ఆవిడ అంత గౌరవించింది. సాయంత్రం వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి ఆవిడే చెప్పింది, నేను పక్కనుండి చెప్పించాను. ఆ పిల్ల ఏడిచింది, వెంటనే వస్తానంది. అక్క, "మాటంటే మాట. ఇంకా ఓడలేదు" అని పెట్టేసింది.

నాలుగో మ్యాచు ఫిబ్రవరిలో. ఆ నెల రోజులూ నాకు అన్నం సయించలేదు. ముందు గదిలో కూర్చుంటే జట్టు ఓడుతుంది, అక్క వెళ్ళిపోతుంది. వంటింట్లో కూర్చుంటే అక్క మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? ఎవరినడిగినా నవ్వే విషయం. నవ్వని మనిషి నేనొక్కదాన్నే. చివరికి మ్యాచు పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, గట్టిగా అనుకున్నాను: ఓడితే ఓడనీ, మనిషి పక్కన మనిషి ఉండాలి.

వెళ్ళి సోఫాలో అక్క పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వైపు తిరిగి చూసింది.

"వంటిల్లు అటు."

"తెలుసు."

"ఓడిపోతాం."

"ఓడిపోనీ."

అక్క నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇన్ని మ్యాచుల్లో ఆటగాళ్ళ మొహాలు చూడటం నాకు అదే మొదటిసారి. టైల్స్ పని చేసేవాడని ఆవిడ చెప్పే కుర్రాడికి జుట్టు పల్చబడుతోంది, వాడు కుర్రాడేం కాదు. రెండు జట్లూ సమానం. మళ్ళీ అరగంట, మళ్ళీ సమానం. అప్పుడు పెనాల్టీలు. మన టైల్స్ అతను చివరిది కొట్టాడు, పైకడ్డీకి తగిలి బయటికి పోయింది.

నేను చెంపలు వేసుకున్నాను. "నా కాలి వల్లే అక్కా."

"నీ కాళ్ళకి అంత బలమే ఉంటే ఆ పెనాల్టీ నీతోనే కొట్టించేవాళ్ళం" అంది. తరవాత టీవీ ఆపి, "మూడు గెలుపులు ఒక్కదాన్నే చూశాను. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఇది ఇద్దరం చూశాం" అని ఫోన్ అందుకుంది. "అమ్మాయీ, మేము అవుట్. ఎప్పుడొస్తావు?"

రెండు వారాల్లో వెళ్ళిపోయింది. కారెక్కేముందు, "ఏప్రిల్లో ఫైనల్. ఎవరాడితే ఏం, నువ్వు రా. బస్సుంది" అంది. నాకు వంద అనుమానాలు. బస్సు తప్పిపోతే? మధ్యలో బాత్రూముకి దిగితే నన్ను వదిలేసి పోతే? "డ్రైవరు తలలు లెక్కపెట్టుకుంటాడు. నీ తల వాడు మర్చిపోలేడు" అంది అక్క. వస్తానన్నాను. ఎవరైనా వెంట వస్తే వెళ్దామని మనసులో అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు.

ఫైనల్ ఇంక అయిదు రోజులుందనగా ఫోన్ వచ్చింది.

మా అమ్మాయికి సెలవు దొరకలేదు. వీడియోలో చూద్దువుగాని, అంత్యక్రియలు వీడియోలో పెడతారట అంది. నేను వద్దన్నాను. చీటీ మీద మా ఇంటి నంబరు పెద్ద అక్షరాలతో రాయించుకుని, రెండు పూటలకి పెరుగన్నం, ఆవకాయ కట్టుకుని, దగ్గర్లోని మనుకౌలో బస్సెక్కాను. తొమ్మిది గంటలు. ఆగిన ప్రతి చోటా దిగినప్పుడల్లా డ్రైవరుకి నా మొహం చూపించి దిగాను. మూడోసారి ఆయనే, "నువ్వు రాకుండా కదలను, వెళ్ళు" అన్నాడు.

అంత్యక్రియలు చిన్నగా జరిగాయి. సోమవారం పొద్దున వాళ్ళమ్మాయి నన్ను రెస్ట్ హోమ్‌కి తీసుకెళ్ళింది, అమ్మ గది సర్దాలని. హాల్లో టీవీ పక్కన ఒక కాగితం అంటించి ఉంది, ఎవరు ఏ వేళ టీవీ చూస్తారో రాసుకునేది. ఆ పిల్ల వేలుపెట్టి చదివి చెప్పింది. సోమవారం, తొమ్మిదింటికి, కప్పు ఫైనల్ రికార్డింగ్, ఇద్దరికి. అక్క చేతిరాత.

"చూస్తారా ఆంటీ?" అంది.

కూర్చున్నాను. రెండు జట్లూ నాకు తెలియవు. ఎవరు గెలవాలని దణ్ణం పెట్టుకోవాలో తెలియక ఎవరికీ పెట్టుకోలేదు. టీ తెస్తానని లేవబోయిన ఆ పిల్లని కూడా ఉండమన్నాను. ఒక్క గోల్ పడింది, చివర్లో. ఈల వేశాక గెలిచినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి గంతులు వేస్తున్నారు. ఓడిన గోల్‌కీపరు గోల్ ముందు గడ్డిలో కాళ్ళు చాపుకుని కూర్చుండిపోయాడు. గెలిచిన జట్టు గోల్‌కీపరు ఆ చివర నుంచి మైదానమంతా ఒక్కడే నడుచుకుంటూ వచ్చి, చేతి తొడుగులు విప్పి, అతని పక్కన కూర్చున్నాడు. పైనుంచి రంగు కాగితాలు ఇద్దరి మీదా పడుతున్నాయి.