తోలు తాగిన నూనె

ఆ వీధి వాళ్లందరికీ ఆవిడ బూట్లత్త. తెగిన చెప్పులు, ఊడిన సంచి పట్టీలు, నోళ్లు తెరిచిన బూట్లు ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతిలో పడి బతికి బయటపడ్డాయి. తోలు గురించి తనకు ఒకరు చెప్పాల్సింది లేదని ఆవిడ నమ్మకం. ఆ బుధవారం ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆవిడ కోడలు పూల్ ఆడుతుంది. బల్ల మీది బంతుల్ని పొడవాటి కర్రతో గుంటల్లోకి కొట్టే ఆట అది. ఆదివారం జట్టు ఎంపిక. మూడేళ్లుగా ఆ పిల్ల ఎదురుచూస్తున్న రోజు. కర్ర మీద వెనక చెయ్యి పట్టుకునే చోట తోలు తొడుగు ఉంటుంది. అది చెమటకీ సుద్దపొడికీ నల్లబడి అట్టకట్టడం చూసి అత్తగారు ఉండబట్టలేకపోయారు. కోడలు పనికి వెళ్లగానే బూటుకి పట్టించినట్టే నూనె పట్టించి, పైన పాలిష్ రుద్ది, అద్దంలా మెరిపించి గోడకి ఆనించారు.

సాయంత్రం కోడలు దాన్ని అందుకుని ఒకసారి ఊపింది. కర్ర చేపలా జారింది. అరచెయ్యి మసిబారింది.

“అత్తయ్యా, దీనికేం రాశారు?”

“మంచి నూనేనమ్మా. నా సొంత బూట్లకి కూడా అంత రాయను.”

కోడలు కర్రని మళ్లీ గోడకి ఆనించి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది. ఆ ఊరుకోవడమే ఆవిడకి రాత్రంతా కునుకు పట్టనివ్వలేదు.

పొద్దున్నే కర్ర చంకన పెట్టుకుని పూల్ హాలుకి వెళ్లారు. కర్రలు బాగుచేసే మేస్త్రి తొడుగుని గోటితో గీకి నవ్వాడు.

“బూటు తోలు నీళ్లని ఆపాలి. ఇది చేతిని ఆపాలి. రెండిటికీ ఒకటే వైద్యమైతే ఎలాగత్తా?”

“చేసింది చేశాను. దారి చెప్పు.”

“కొత్త తోలు చుట్టాలి. వారం పడుతుంది.”

“ఆట ఆదివారం.”

“ఈసారికి వేరే కర్రతో ఆడమను.”

“పక్కింటాయన కళ్లజోడు పెట్టుకుని నువ్వీ పని చెయ్యగలవా?”

మేస్త్రి తల గోక్కున్నాడు. నూనె పీల్చే పిండి ఏదైనా చల్లి చూడమన్నాడు. నీళ్లు ఎక్కువైతే అతుకు దగ్గర తోలు లేచిపోతుందని హెచ్చరించాడు. ఆవిడ ఇంకో పాతిక ప్రశ్నలు వేసేసరికి, బల్లలు తుడవాలంటూ తప్పించుకున్నాడు.

ఇంటికొచ్చి ముందుగా ఒక పాత సంచి ముక్కకి నూనె పూసి దాని మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. సబ్బునీళ్లు పోసి కడిగితే మచ్చ కట్టింది. మొక్కజొన్న పిండి మాత్రం నూనెని లాక్కుని ముద్దలైంది. అప్పుడు అసలు కర్ర జోలికి వెళ్లారు. పొడిగుడ్డకి పాలిష్ అంటడం మానేదాకా తుడిచి, పిండి అద్ది, పైన గుడ్డ చుట్టారు. పూటకోసారి విప్పి, మెత్తటి బ్రష్‌తో దులిపి, మళ్లీ కొత్త పిండి అద్దారు.

శుక్రవారం మామగారు వరండాలోంచి సలహా పారేశారు. “ఎండలో పెడితే చిటికెలో తేలిపోయేదానికి ఇంత తంటా ఎందుకే?”

“మీ బట్టతల పెట్టుకోండి ఎండలో. జిగురు కరిగితే తోలు దారి తోలుది, కర్ర దారి కర్రది.”

శనివారానికి పిండి పొడిగానే రాలింది. గుడ్డని సబ్బునీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండేసి, దాంతో ఒక్కసారి తుడిచి నీడన ఆరబెట్టారు. ఆరాక గాజుసీసాతో పొడుగునా రుద్ది, లేచిన నూగుని అణిచారు.

కోడలు అప్పటికే స్నేహితురాలి కర్ర అరువు తెచ్చుకుంది. దాన్ని పక్కన పెట్టి తన కర్ర పట్టుకుంది. పది సార్లు ఊపింది, ఇరవై సార్లు ఊపింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. శుభ్రంగా ఉంది.

“జారట్లేదు అత్తయ్యా. కానీ రంగేంటి, బొల్లి వచ్చిన పిల్లిలా?”

“పెళ్లిచూపులకి తీసుకెళ్తున్నావా దాన్ని?”

కోడలు ఫక్కున నవ్వింది. బుధవారం తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అదే. అరువు కర్ర ఆ సాయంత్రమే తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం హాల్లో ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు. బంతులు ఎటు పోతున్నాయో చూడలేదు. కోడలి వెనక చెయ్యి మీదే కళ్లు. అది ఒక్కసారి కూడా సర్దుకోలేదు, చీరకో గుడ్డకో తుడుచుకోలేదు. జనం చప్పట్లు కొట్టాక పక్కావిడని అడిగారు.

“అయిపోయిందా? ఎవరు నెగ్గారు?”

“మీ కోడలేనండీ. జట్టులోకి తీసుకున్నారు.”

“మంచిది. ఆ కర్ర ఇటిమ్మనండి, చెమట ఇంకకముందే తుడవాలి” అంటూ ఆవిడ సంచిలోంచి పొడిగుడ్డ తీశారు.