వెనక నుంచి రాసిన పిన్‌కోడ్

పిన్ అనే మాట మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజులవి. వస్తూనే మమ్మల్ని భయపెట్టింది. నేను బడి మొహం చూడలేదు. ఖిలా వరంగల్‌లోని మా ఇంట్లోనే, వంట చేసుకుంటూ అమ్మీ నన్ను పదో తరగతి దాకా చదివించింది (అల్లాహ్ ఆమెకు అంత ఓపిక ఇచ్చినందుకు ఇప్పటికీ శుక్రియా చెప్పుకుంటాను). ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కుట్టే అబ్బాకు ఆ ఏడే ఏటీఎం కార్డు వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి, "పిన్ ఎవ్వలడిగినా చెప్పద్దు. సర్కారోళ్లమని వచ్చినా చెప్పద్దు" అన్నాడు.

ఆ వారమే నేను పరీక్ష దరఖాస్తు నింపాను. అడ్రసు చివర ఆరు గళ్లు, పక్కన 'పిన్'. అడుగుతున్నది సర్కారు వాళ్లే. అబ్బా పిన్‌కు నాలుగంకెలే, దీనికి ఆరంటే ఇంకా పెద్ద రహస్యమన్నమాట. (మా ఇంటికొచ్చే ప్రతి ఉత్తరం మీదా ఆ రహస్యం బాహాటంగా ఉండేదన్న ఆలోచనే రాలేదు.) ఖాళీగా వదిలితే దరఖాస్తు కొట్టేస్తారు, వేరే నంబరు రాస్తే అబద్ధం. చాలాసేపు ఆలోచించి మా అంకెల్నే చివరి నుంచి మొదటికి రాశాను. అంకెలన్నీ మావే కదా, అబద్ధమాడిన పాపం, గునాహ్ ఎలా అవుతుంది?

పరీక్షకు ఐదు రోజులుందనగా కూడా హాల్‌టికెట్ రాలేదు. రాకపోతే ఏడాది పోతుంది, అంతకన్నా అమ్మీ కష్టం దండగని చుట్టాలంతా అంటారు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, మా వాడకొచ్చే పోస్ట్‌మన్ చాచా సైకిలు ఆపాడు. హాల్‌టికెట్ ఇంకా రాలేదని చెప్పాను.

"ఏం పిన్ రాసినవ్ బిడ్డా?"

"చెప్పద్దు చాచా."

"రోజు నేను మోసేదే అదాయె. నాకు గాక ఎవలకు చెప్తవ్?"

గుసగుసగా చెప్పేశాను. ఆయన నవ్వకుండా అరుగు మీద కూర్చుని విడమరిచాడు. మొట్టమొదట ఉన్న ఐదు అనే అంకె మన దిక్కు రాష్ట్రాలదట, మొదటి మూడంకెలు చూసి సంచి వరంగల్‌కు పంపుతారట, చివరి మూడూ మా పోస్టాఫీసువట. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే ఎలా అన్నాను. "అందుకే గద బిడ్డా నంబరు" అన్నాడు. నేను తిరగేసిన నంబరు రెండుతో మొదలైంది కనుక నా కాగితం ఉత్తరప్రదేశ్ దిక్కు పోయి ఉంటుందని తేల్చాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, మరి ఢిల్లీకి ఎంత అని అడిగాను. ఒకటట.

పరీక్ష ముందురోజు కవరు వచ్చింది. దాని మీద తెలియని ఊళ్ల ముద్రలు. నా తలకిందుల నంబరును ఎర్ర సిరాతో కొట్టేసి, వరంగల్ పేరు చూసి కాబోలు, ఎవరో మా అసలు పిన్ పొందికగా రాశారు. అమ్మీ దాన్ని కళ్లకద్దుకుంది. పరీక్ష రాశాను, పాసయ్యాను.

ఏడుస్తూ కూడా ఢిల్లీ నంబరు అడిగిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ ఎర్ర సిరా చెయ్యి ఎవరిదో మాత్రం నేటికీ తెలియదు. నమాజు తర్వాత వాళ్లకో దువా పంపుతుంటాను, పేరు లేకుండా, ఊరు లేకుండా. చేరుతోందనే నా నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు మరి.