బెల్లం నీళ్లతో తుడిచిన బండలు

ఆ రోజు పిల్లలకు పాదాలు పక్కలకు తిప్పి మోకాళ్లు వంచడం చూపిస్తున్నాను. లేచేటప్పుడు కుడి మోకాలి లోపలి వైపు ఏదో కదిలినట్టయింది. నొప్పి లేదు, అందుకని ఆగలేదు. సాయంత్రానికి మోకాలు వాచింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాన్న బొంబాయి మిల్లులో పనిచేసినప్పుడు అక్కడి దొర భార్య దగ్గర నేను బ్యాలే అనే వాళ్ల నాట్యం నేర్చుకున్నాను. పెళ్లయి వరంగల్ వచ్చాక ఒక మిషన్ బడిలో దాన్నే నేర్పుతున్నాను. మావారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఇంట్లో నేను, అత్తమ్మ. ఖాళీగా ఒక్క పూట కూర్చోలేకపోయేదాన్ని.

బడి వరండాలో షాబాద్ బండలు. పాదాలు జారేవి. బొంబాయిలో అరికాళ్లకు రాసుకున్న పొడి ఇక్కడ దొరకక, బండలను పలుచటి బెల్లం నీళ్లతో తుడిపించేదాన్ని. పాదం ఎక్కడ పెడితే అక్కడ అతుక్కునేది. ఒకసారి అన్నం తెచ్చిన అత్తమ్మ చీమల బారు చూసి, "పోరీలు సాలలేదా బిడ్డా, చీమలకు గూడ నేర్పుతానవు?" అంది.

దవాఖానలో డాక్టరు మోకాలు నొక్కి చూసి, "సైనోవైటిస్. కీలు లోపల వాచింది. రెస్ట్ తీసుకోవాలె" అన్నాడు. తీసుకోలేదు. కొద్ది రోజులకే బడికి వెళ్లాను. మెట్టు దిగుతుంటే మోకాలు వంగినది వంగినట్టే ఇరుక్కుపోయింది. హైదరాబాదు పంపారు. అక్కడి డాక్టరు ఎక్స్-రేను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎముక మంచిగనే ఉంది. కీలు నడుమ మెత్తగుండే కార్టిలేజ్ చినిగినట్టుంది, అది ఎక్స్-రేల కనవడదు. ప్లాస్టర్ వేద్దాం."

"మళ్లీ నేర్పొచ్చా?"

"ముందుగాల నడువమ్మా. డాన్సు ఫికర్ తర్వాత."

తొడ నుంచి మడమ దాకా ప్లాస్టర్. లోపల దురద. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్లీ మళ్లీ చదివేదాన్ని. ఎడమ కాలు మాత్రం ఊరుకునేది కాదు. వెల్లకిలా పడుకునే ఆ కాలును బయటికి తిప్పి చూశాను. బండల మీద తిరిగినంత తిరగలేదు.

మావారు విదేశీ పత్రికలు చదివేవారు. కొత్తరకం నాట్యంలో నేల మీద పడుకొని, ఊపిరితో మొదలుపెడతారని చెప్పేవారు. "అది డాన్సా, నిద్రా?" అని నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం నా విద్యార్థిని సుశీల చూడటానికి వచ్చింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మాస్టరమ్మా, నాకు గూడ గీ మోకాలు లోపలనే గుంజుతాంది."

మంచం దిగలేను. చాప పరిచి పడుకోమన్నాను. ఊపిరి వదిలి, పాదం సంగతి మరిచి, తుంటి దగ్గర నుంచి కాలు తిప్పమన్నాను. వరండాలో తిరిగేదాంట్లో సగమే తిరిగింది. మిగతా సగం ఇన్నాళ్లూ మోకాలు మెలిపడి ఇచ్చింది. బెల్లం నీళ్లు పాదాన్ని జారకుండా పట్టి ఉంచాయి.

"గింతేనా? నేను ఎన్కకు పోయిన్నా?" అంది ఏడుపు మొహంతో.

"లేదు. నీది ఇంతే. దీనితోనే నిలబడదాం."

మర్నాటి నుంచి పిల్లలందరూ నా మంచం చుట్టూ చాపల మీదే. అత్తమ్మ గడపలో నిలబడి, "పండుకొని డాన్సట" అంది. "నా కొడుకుంటే నవ్వుతుండె" అని లోపలికి పోయింది.

ఇప్పుడు నా మోకాలు పూర్తిగా వంగదు. కుర్చీలో కూర్చొని నేర్పుతాను. ఆ కూర్చోవడం ఇంకా అలవాటు కాలేదు. సుశీల మోకాలు కుదుటపడింది. వరండాను మామూలు నీళ్లతో కడిగి ఆరబెడుతున్నాం.

ఈ విద్య నేర్పేవారికి ఒక్క మాట. పిల్లను నిలబెట్టే ముందు పడుకోబెట్టి చూడండి. అక్కడ కాలు ఎంత తిరుగుతుందో అంతే ఆ పిల్లది. అంతకు మించి అడగకండి.