ఎలుక చెవులు వెతికాను, నా ఒళ్లు చూసుకోలేదు

ఆ ఉదయం రాయదుర్గం గుట్టల దగ్గర ఎలుక చెవిలో పురుగులు లెక్కపెడుతూ మూడుసార్లు తప్పాను. అంత తలనొప్పి. అడవి జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల మీద పరిశోధన నా ఉద్యోగం. పొదల్లో బోనులు పెట్టి ఎలుకలను పట్టాలి, రక్తం తీయాలి, వాటి చెవుల్లో ఎర్ర నుసిలా అంటుకున్న పురుగులను సీసాలో వేయాలి. బోనులు మోసే మల్లయ్య నా మొహం చూసి, "ఇగ చాలు బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

మా అమ్మ మాత్రం నేను గుమాస్తానని చుట్టాలందరికీ చెప్పింది. పెళ్లి కావలసిన పిల్ల ఎలుకలు పడుతుందంటే సంబంధాలు రావని ఆవిడ బెంగ. గుంటూరు నుంచి నాకు తోడుగా వచ్చి, నా పని బట్టలు విడిగా ఉతికి, ఎవరూ చూడకుండా ఆరేసేది.

ఐదో రోజుకి జ్వరం నూటనాలుగు. హాస్పిటల్లో చేర్చారు. "ఏం పని చేస్తావమ్మా?" అన్నారు డాక్టరు. "గవర్నమెంటు ఆఫీసులో రాతపనండి" అని అమ్మే చెప్పేసింది. ఇంత చదివినదాన్ని, నోరు మెదపలేదు. అమ్మ పరువు తీయడం ఎందుకనుకున్నాను. మలేరియా అనుకుని క్లోరోక్విన్ ఇచ్చారు. బ్లడ్ స్మియర్‌లో ఏమీ కనిపించలేదు. దగ్గు మొదలైతే న్యుమోనియా అని పెన్సిలిన్ ఇంజెక్షన్లు. జ్వరం దిగలేదు సరికదా, మనుషులను గుర్తుపట్టడం మానేశాను. ఆ తర్వాతిదంతా అమ్మ చెప్పగా విన్నదే.

తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే లంగా బొందు కింద నల్లటి పొక్కు కనిపించిందట, చుట్ట నిప్పు తగిలినట్టు. నొప్పి లేదు గనక నేను చూసుకోనేలేదు. అప్పుడే మల్లయ్య వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు: "అమ్మా, ఎలుకల పురుగుల సంగతి డాక్టర్ సాబుకు చెప్పిన్రా?"

నన్ను చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ మంచం పక్కనే కూర్చుని ఉంది. అప్పుడు మాటల్లో ఉన్న సంబంధం ఆవిడ తెచ్చిందే. అమ్మ డాక్టరును పిలిపించి, ఆవిడ ముందే, "మా అమ్మాయి గుమాస్తా కాదండి. గుట్టల్లో ఎలుకలు పడుతుంది. నేనే అబద్ధం చెప్పాను" అంది.

డాక్టరు పొక్కు చూశారు. "ఇది ఎస్కార్, పురుగు కుట్టినచోట పడే మచ్చ. ఆ ఎలుకల పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అయి ఉంటుంది. ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు, కోపం లేకుండా. వీల్-ఫెలిక్స్ టెస్టుకి రక్తం పంపి, రిజల్టు కోసం ఆగకుండా టెట్రాసైక్లిన్ మొదలుపెట్టారు. మూడో రోజు జ్వరం దిగింది. కళ్లు తెరిస్తే అమ్మ నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఆ సంబంధం పోయిందే" అంది, ఏడుస్తూనే నవ్వుతూ. ఆ క్షణం ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

జుట్టు ఊడింది. రెండు నెలలు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఉద్యోగం మానేయమంటుందేమోనని భయపడుతూ, "మానేయనా?" అని నేనే అమ్మను అడిగాను. "మానేసి ఏం చేస్తావు, గుమాస్తా పనా?" అంది.

ఇప్పుడు గుట్టల నుంచి రాగానే స్నానం, తర్వాత అమ్మ తనిఖీ: చెవుల వెనక, చంకల్లో, నడుం చుట్టూ. నా పనేమిటని పక్కింటివాళ్లు అడిగితే, ఎలుకలు పడుతుందని ఆవిడే చెబుతుంది. నేను చెప్పగలిగింది ఒకటే. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే, పక్కన ఎవరున్నా సరే, చేసేదే చెప్పండి. ఆ రోజు పెద్దమ్మ మొహం చూసి అమ్మ ఊరుకుని ఉంటే, నేను గుమాస్తాగానే పోయేదాన్ని.