బ్యాటరీకి కాపలా

మా ఆయన అనుమానం మనిషి. పాలలో నీళ్లు కలిపారేమోనని ఊరంతా అనుమానిస్తే, ఆ నీళ్లు ఏ కాలవలో ముంచారోనని ఈయన అనుమానించేవాడు. అనుమానం పెనుభూతం అనేవారు మా అత్తగారు. ఆ భూతంతో కాపురం చేసింది మాత్రం నేను.

ఎనభైల్లో శావల్యాపురంలో మాకొక ట్రాక్టర్ ఉండేది. బ్యాటరీ దిగిపోతే నరసరావుపేటలో ఛార్జింగ్ కొట్టుకు బస్సులో మోసుకెళ్లాలి. అందరూ సాయంత్రం ఇచ్చి మర్నాడు తెచ్చుకునేవాళ్లు. ఈయన మాత్రం తెల్లవారే వెళ్లి, అది ఎక్కేదాకా పక్కనే కూర్చునేవాడు. వదిలి వస్తే లోపలి ప్లేట్లు మార్చేస్తారట. ఎవరికి మార్చారయ్యా అంటే ఒక్క పేరూ చెప్పలేడు.

ఆ వేసవిలో నన్నూ తీసుకెళ్లాడు. పట్నం చూపిస్తాడని సంబరపడ్డాను. తీరా చూస్తే, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు కాపలాకి.

“ఏమే, కళ్లు తిప్పమాక. కొట్టతను మాటల్లో పెడతాడు,” అని చెప్పి వెళ్లాడు.

కొట్టు నడిపేది ఒక ముస్లిం అబ్బాయి, కొత్తగా పెళ్లయినవాడు. మూతలు తీసిన బ్యాటరీలు వరసగా పెట్టి ఉన్నాయి. లోపల ఆసిడ్ నీళ్లు సన్నగా బుడగలు కడుతున్నాయి. ఆ ఘాటు గొంతుకు పట్టుకుంది. అనుమానం అంటురోగమేమో, అతను వంగినప్పుడల్లా నేనూ మెడ సాచి చూశాను. అతను గమనించి నవ్వాడు.

“బాగా చూడమ్మా. ముందు స్విచ్ ఆపాల, ఆ తర్వాతే క్లిప్పులు తియ్యాల. కరెంటు ఉండంగా పీకితే నిప్పురవ్వ లేస్తది. ఈ బుడగల్లో గ్యాసుంటది, దానికి రవ్వ చాలు,” అన్నాడు. చెప్పినట్టే స్విచ్ ఆపి, ఒకరి బ్యాటరీ విప్పి ఇచ్చాడు. ఇదంతా నన్ను మాటల్లో పెట్టడమేనేమో అనుకున్నాను.

మా ఆయన తిరిగొచ్చి, జేబులోంచి తీగముక్క తీశాడు. బ్యాటరీ రెండు కొనలకూ తీగ తాకించి, రవ్వ ఎంత లేస్తే అంత ఎక్కినట్టని మా ఊళ్లో లెక్క.

“ఇక్కడొద్దన్నా. స్విచ్ ఆపి, బయటికి తీసుకెళ్లి బల్బు పెట్టి చూపిస్తా,” అన్నాడు కొట్టతను.

“బల్బుదేముంది, సగం ఎక్కినా ఎలుగుద్ది. రవ్వంటే నీకెందుకంత భయం? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది,” అంటూ మా ఆయన వంగి తీగ తాకించాడు.

బాంబు పేలినట్టయింది. బ్యాటరీ పైభాగం పగిలి, ఆసిడ్ ఆయన మొహాన కొట్టింది. కొట్టతను స్విచ్ ఆపి, ఆయన్ని వాకిట్లోకి లాగి, రెప్పలు విడదీసి పట్టుకుని బిందెలకు బిందెలు నీళ్లు పోశాడు. మా ఆయన పెనుగులాడుతూ, “ఏం పోస్తన్నాడే?” అని అరిచాడు. “నీళ్లే, కదలకండి,” అని నేను ఏడుపు గొంతుతో అరిచాను.

ఆస్పత్రిలో రెండు కళ్లకూ కట్టు కట్టారు. వెంటనే నీళ్లు పోశారు కాబట్టి ఆశ ఉంది, కట్టు విప్పాకే ఏ సంగతైనా చెప్పగలనన్నాడు డాక్టరు.

కట్టు ఉన్నన్నాళ్లూ ఆయన దేన్నీ అనుమానించలేదు. అన్నం కలిపి పెడితే తిన్నాడు. మందు ఇస్తే మింగాడు. కొట్టతను చూడ్డానికొస్తే చెయ్యి పట్టుకున్నాడు. ఆ మెత్తదనానికి నాకు భయమేసింది. ఒక్కసారి, ఇది ఏ మందే అని అడిగితే బాగుండుననిపించేది. మొహం అటు తిప్పుకుని, చప్పుడు లేకుండా ఏడ్చేదాన్ని.

కట్టు విప్పిన రోజు ఆయన చాలాసేపు రెప్పలాడించాడు. కిటికీ వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. తర్వాత నా మొహంలోకి కళ్లు చికిలించి చూస్తూ ఉండిపోయాడు.

“ఏడ్చినావా ఏంది?”

“లేదండీ, నిద్ర లేక.”

“అబద్ధం,” అన్నాడు.

నేనెరిగి ఆయన అనుమానం నిజమైంది అప్పుడొక్కసారే.